రోడ్డు వెడల్పులో మా ఊరి వీరగల్లు పోతోంది, రిపోర్టులో మాత్రం ‘నిల్’: ఎవరికైనా ఇలా జరిగిందా?

పొలిమేర:
మా ఊరి మీదుగా పోయే హైవేని నాలుగు వరుసలు చేస్తున్నారు. పోయిన నెల గోడల మీద ఎర్ర రంగు గుర్తులు వేసి పోయారు. ఊరి మొదట్లో వేపచెట్టు కింద ఒక వీరగల్లు (పోరులో పోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) ఉంది, సగం మట్టిలోనే. గుర్రం మీద మనిషి, ఎత్తిన కత్తి, పైన సూర్యచంద్రులు. మా నాయనమ్మ ప్రతి శనివారం దానికి పసుపు రాసేది. ఎవరిదో, ఎప్పటిదో ఊళ్లో ఎవరికీ తెలియదు. ప్రాజెక్టు రిపోర్టు సంపాదించి చూస్తే ‘చారిత్రక, సాంస్కృతిక కట్టడాలు’ అన్న గడిలో ఒక్కటే మాట: నిల్. ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలి?

తారుడబ్బా:
పదేళ్లు ఇలాంటి రిపోర్టులు రాశాను. ఆ ‘నిల్’ ఎక్కడ పుడుతుందో చెప్తాను. సర్వే కుర్రాళ్లు పురావస్తు శాఖ జాబితా దగ్గర పెట్టుకుని, రోడ్డుకు అటూ ఇటూ 300 మీటర్లలో అందులోని కట్టడం ఏదైనా తగులుతుందేమో చూస్తారు. కేంద్ర రక్షిత కట్టడమైతే చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రితం అని 2010 సవరణ చట్టం చెప్తుంది కాబట్టి ఆ లెక్క. జాబితాలో లేకపోతే నిల్. చిన్న గుళ్లూ దర్గాలూ వేరే పట్టికలోకి పోతాయి, చేతిపంపు, బస్ షెల్టర్, పాలకేంద్రం పక్కన ‘మతపరమైన కట్టడం: 1’ అని. మీ వీరగల్లు అందులోనూ పడదు, దానికి పైకప్పు లేదు కదా!

పర్యావరణ అనుమతి దగ్గర పట్టుకుందామా అంటే, ఉన్న హైవేని విస్తరిస్తే 100 కిలోమీటర్లు దాటి, అదనంగా 40 మీటర్లకు మించి భూమి తీసుకుంటేనే అది కావాలని 2013లో సవరించారు. అంతకంటే చిన్న పనికి ఆ దారిలో ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు.

చేవెళ్ల_పిలగాడు:
మాది సరిగ్గా అదే కథ. హైదరాబాద్ అంచున అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, రోడ్డు పొడవునా 900 పైచిలుకు మర్రిచెట్లు. అవి చరిత్ర కాదంటారు, రాయి అయితేనే చరిత్రట. కొందరు ఒక్కో చెట్టు దగ్గరికీ నడిచిపోయి, కొలిచి, నంబరు వేసి, ఫొటో తీసి పెట్టారు. గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయినప్పుడు ‘చాలా చెట్లు ఉన్నయ్’ అనడానికీ, ‘ఫలానా నంబరు చెట్టు ఇక్కడ ఉంది’ అనడానికీ ఎంత తేడానో కళ్లారా చూసినం.

టిప్పర్_బాధితుడు:
ఒక మాట నాదీ వినండి. అదే రోడ్డు మీద 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర టిప్పర్ బస్సును ఢీకొట్టి ఎంతమంది పోయారో గుర్తుందా? మా ఇంట్లో కూడా ఒకరు ఇరుకు రోడ్డు మీదే పోయారు. రాళ్ల కోసం, చెట్ల కోసం పని ఆపాలనేవాళ్లని చూస్తే కోపం వస్తుంది.

తారుడబ్బా:
మీ కోపం న్యాయమే. అందుకే ‘ఆపండి’ అని అడగొద్దంటాను. వెడల్పు రెండు వైపులా సమానంగానే చేయాలని రూలేం లేదు. వంద, నూటయాభై మీటర్ల ముక్కలో విస్తరణ మొత్తం ఒక వైపుకే నెట్టొచ్చు, మీడియన్ (రోడ్డు మధ్య డివైడర్ జాగా) కాస్త తగ్గించొచ్చు. ఊళ్లోవాళ్లు ‘మా సంస్కృతిని కాపాడండి’ అని రాస్తే ఫైల్లో పడి ఉంటుంది. ‘చైనేజీ 23+400, ఎడమ వైపు, సెంటర్ లైన్ నుంచి 9 మీటర్లు’ అని, అంటే రోడ్డు మొదలు నుంచి 23 కిలోమీటర్ల 400 మీటర్ల దగ్గర అని రాస్తే డిజైన్ ఇంజినీరు డ్రాయింగ్ తీసి చూడక తప్పదు.

రాతిరాత:
వీరగల్లు ముందుగా: దాని మీద అక్షరాలు ఉన్నాయేమో చూశారా? చాలాసార్లు కింది భాగంలో, మట్టిలో ఉంటాయి. మీరే తవ్వకండి. పసుపు, సున్నం గీకకండి, చాక్‌పీసుతో అక్షరాలు దిద్దొద్దు. సాయంత్రం పొద్దు వాలాక టార్చిలైటు రాయికి పక్కనుంచి, దాదాపు ఆనించి పట్టుకుని ఫొటో తీయండి. పగలు నున్నగా కనిపించిన రాయి మీద గీతలు లేస్తాయి. ఒకసారి బట్టలుతికే బండ అనుకున్నదాని మీద అలాగే నాలుగు పంక్తులు బయటపడ్డాయి, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు! అక్షరాలు తేలితే రాష్ట్ర పురావస్తు శాఖకు రాయండి. తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది నకలు తీసేవాళ్లు వేరే ఉంటారు.

బొడ్రాయి (ఊరి నడుమ ప్రతిష్ఠించే గ్రామదేవత రాయి) కూడా రోడ్డు హద్దులో ఉందా? దాన్ని జరపడం క్రేన్ పని కాదు. మా దగ్గర ఆడబిడ్డలందరినీ పిలిచి, పొలిమేర కట్టి, మళ్లీ ప్రతిష్ఠ చేశారు. ఆ ఖర్చు నష్టపరిహారం పట్టికలో ఎక్కడా లేదు, ఊరే చందాలేసుకుంది.

ఒహాయో_రోడ్లు:
ఇక్కడ అమెరికాలో రోడ్ల డిజైన్‌లో ఉన్నాను. ఫెడరల్ డబ్బు ఉన్న ఏ రోడ్డు పనికైనా 1966 నాటి చారిత్రక పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 106 ప్రకారం చూడాలి. జాతీయ జాబితాలో ఉన్నవాటినే కాదు, చేరే అర్హత ఉన్నవాటినీ లెక్కలోకి తీసుకోవాలి. మామూలుగా 50 ఏళ్లు దాటితే పరిశీలనకు వస్తుంది. పాత కొట్టం కోసం కూడా రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయంతో ఉత్తరాలు నడుస్తాయి. అయినా కూల్చేవి కూల్చుతారు, ఆ చట్టం ఆపమని చెప్పదు, చూసి మాట్లాడమంటుంది. కానీ ‘నిల్’ అని రాయాలంటే ఎవరో ఒకరు నడిచి చూసి ఉండాలి.

గుడిమెట్లు:
కూల్చకపోయినా పోయేవి ఉన్నాయి, అవి ఏ రిపోర్టులోనూ రావు. మా ఊరి శివాలయం ముందు చిన్నప్పుడు మూడు మెట్లు ఎక్కి లోపలికి పోయేవాళ్లం. తారు మీద తారు వేస్తూ వచ్చారు. ఇప్పుడు రెండు మెట్లు దిగి పోతున్నాం. వానొస్తే రోడ్డు నీళ్లన్నీ మండపంలోకే. నంది మోకాళ్ల దాకా బురద. ఎవరూ గుడిని ముట్టుకోలేదు, ‘ప్రభావం లేదు’ అనే రాస్తారు. వెడల్పు సమయంలో రోడ్డు ఎత్తు ఎంత పెరుగుతుందో, కాలువ ఎటు పోతుందో తప్పకుండా అడగండి. పాత సున్నం గోడ పక్కన రోలర్‌ని వైబ్రేషన్ ఆపి నడపమని కూడా రాయించండి. మేం ఆలస్యంగా అడిగాం, అప్పటికే ప్రాకారానికి వేలు దూరేంత పగులు.

తారుడబ్బా:
గుడిమెట్లు గారి మాట రాసిపెట్టుకోండి. పొలిమేర గారూ, నేషనల్ హైవే అయితే 3ఏ నోటిఫికేషన్ (భూమి తీసుకుంటామనే ప్రకటన) పేపర్లో వచ్చిందా? ఒక్కటైనా తెలుగు పేపర్లో రావాలి. నోటిఫికేషన్ ప్రచురణ తేదీ నుంచి 21 రోజుల్లో అభ్యంతరం వేయొచ్చు, కానీ ఆ భూమిలో హక్కో సంబంధమో ఉన్నవాళ్లే వేయాలి. వేపచెట్టు జాగా ఎవరిది?

పొలిమేర:
పంచాయతీదే. నోటిఫికేషన్ వచ్చి పన్నెండు రోజులైంది. సర్పంచి గారు ఒప్పుకున్నారు, ‘రాయికి కూడా అర్జీనా’ అని నవ్వుతూనే. నిన్న రాత్రి టార్చి పెట్టి చూశాం. గుర్రం కాళ్ల కింద ఏదో ఒక వరుస ఉంది, సగం మట్టిలో. ఫొటో పెడుతున్నాను. రేపు పొద్దున సెంటర్ లైన్ నుంచి కొలవాలి, మా దగ్గర 30 మీటర్ల టేపు ఉంది, సరిపోతుందా?

రాతిరాత:
సరిపోతుంది. ఫొటోలో ఎడమ నుంచి మూడోది ‘స్వ’లా ఉంది. పాత శాసనాల్లో కనిపించే ‘స్వస్తి’ అనే మాట కావచ్చు, కాకపోనూ వచ్చు. మట్టి మాత్రం కదిలించకండి, నేను ఆదివారం వస్తున్నాను.