మేరీల్యాండ్: 1649లో సహన చట్టం, 1704లో పూజ చేస్తే జైలు. మధ్యలో ఏం జరిగింది?

కడప, ఎంఏ హిస్టరీ:
అమెరికాలో ఇంగ్లండ్ ఏలుబడిలో, కాథలిక్ అయిన కల్వర్ట్ కుటుంబానికి (బాల్టిమోర్ ప్రభువులు వీళ్లే) చెందిన కాలనీ మేరీల్యాండ్. 1649లో అక్కడ మత సహన చట్టం తెచ్చినారు. 1704కి వచ్చేసరికి అదే చోట కాథలిక్ ఫాదర్ పూజ (మాస్) చేస్తే జైలు. ఇదెట్ల మారింది? 1649 చట్టాన్ని మతస్వేచ్ఛకు పునాది అని రాయొచ్చా అన్నా?

కర్నూలు, డిగ్రీ లెక్చరర్:
అంత మాట రాయొద్దు. రక్షణ క్రైస్తవులకే. త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే నమ్మకాన్ని) కాదన్నవాడికి మరణశిక్ష, ఆస్తి జప్తు. అంటే యూదులకు అందులో చోటే లేదు. అయితే ఒక మంచి నిబంధన ఉంది, తప్పక రాయి: ఎవరినైనా ‘పేపిస్టు’ (పోపు మనిషి, అంటే కాథలిక్), ‘ప్యూరిటన్’ (కఠిన ప్రొటెస్టెంటు) అని కించపరిస్తే పది షిల్లింగుల జరిమానా, అందులో సగం తిట్టు పడినవాడికే.

కారణం జనసంఖ్యలో వెతకాల. భూమి, అధికారం కాథలిక్ కల్వర్ట్ కుటుంబానివి. జనంలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. ఇంగ్లండ్‌లో పార్లమెంటు పక్షం గెలిచి 1649 జనవరిలో రాజు తల తీసింది. కాలనీ చేజారకుండా సెసిలియస్ కల్వర్ట్ అంతకుముందే, 1648లో, విలియం స్టోన్ అనే ప్రొటెస్టెంటును గవర్నర్‌గా పెట్టినాడు. చట్టం కూడా ఆ జాగ్రత్తలో భాగమే. యజమాని బలంగా ఉన్నన్నాళ్లే అది నిలిచింది. 1654లో ప్యూరిటన్లు పట్టు సాధించగానే రద్దు చేసినారు, కల్వర్ట్‌కు అధికారం తిరిగొచ్చాక మళ్లీ అమలైంది.

అనంతపురం, పోటీ పరీక్షల గ్రూప్:
అసలు దెబ్బ 1689. ఇంగ్లండ్‌లో కాథలిక్ రాజు రెండో జేమ్స్ పడిపోయినాడు. మేరీల్యాండ్‌లో జాన్ కూడ్ అనే ప్రొటెస్టెంటు నాయకుడి మనుషులు ప్రభుత్వాన్ని లాక్కున్నారు. ఆ తర్వాత మేరీల్యాండ్ ఇంగ్లండ్ రాజు చేతికి పోయింది, ఆంగ్లికన్ (ఇంగ్లండ్ ప్రొటెస్టెంటు) చర్చి అధికారిక చర్చి అయింది. దాని ఖర్చుకు తలకు 40 పౌండ్ల బరువు పొగాకు పన్ను. కాథలిక్కులూ, క్వేకర్లూ (ఇంకో చిన్న ప్రొటెస్టెంటు శాఖ) కట్టాల్సిందే. 1695లో రాజధానిని కాథలిక్ పట్టున్న సెయింట్ మేరీస్ నుంచి అన్నాపొలిస్‌కు మార్చినారు.

1704 చట్టం కింద ఫాదర్ పూజ చేసినా, జ్ఞానస్నానం ఇచ్చినా 50 పౌండ్ల జరిమానా, ఆరు నెలల జైలు. మళ్లీ చేస్తే ఇంగ్లండ్‌కు పంపేస్తారు. 1718లో కాథలిక్కులకు ఓటు తీసేసినారు. 1756లో కాథలిక్కుల భూములకు రెట్టింపు పన్ను. ఓటు ఎట్ల పోయిందో వివరించు: పూజలో అప్పం, ద్రాక్షరసం క్రీస్తు శరీర రక్తాలుగా మారవని ప్రమాణం చేయాలన్నారు. కాథలిక్ విశ్వాసి అయినవాడు ఆ మాట అనలేడు. ఇంతకన్నా క్రూరమైన జల్లెడ ఉండదు.

కడప, ఎంఏ హిస్టరీ:
మరి పూజలు పూర్తిగా ఆగిపోయినాయా? పక్క కాలనీల్లో ఎట్ల?

కర్నూలు, డిగ్రీ లెక్చరర్:
ఆగలేదు. కొంతకాలానికే సొంత ఇళ్లలో పూజకు సడలింపు ఇచ్చినారు. అందుకే పెద్ద ఎస్టేట్లలో ఇంటి చాపెళ్లు (ప్రార్థన గదులు) పెరిగినాయి. అయితే పేద కాథలిక్కు ఆ ఇంటాయన దయ మీదే ఆధారపడాల; ఈ సంగతి చాలామంది వదిలేస్తారు. న్యూయార్క్ 1700 చట్టం ఇంకా ఘోరం: ఫాదర్ దొరికితే యావజ్జీవం, తప్పించుకుని మళ్లీ దొరికితే మరణం. పెన్సిల్వేనియాలో మాత్రం 1733 నాటికి ఫిలడెల్ఫియాలో సెయింట్ జోసెఫ్ చర్చి నడిచేది.

అనంతపురం, పోటీ పరీక్షల గ్రూప్:
ఇంకొకటి కలుపు. 1715లో కల్వర్టులకు కాలనీ తిరిగొచ్చింది కదా, వాళ్లు ఆంగ్లికన్లుగా మారినాకే వచ్చింది. 1718 చట్టం వాళ్ల ఏలుబడిలోదే. ఆ రెండు తేదీలూ పక్కపక్కనే రాయి.