రెటినోబ్లాస్టోమా మీద పీహెచ్‌డీ చేస్తున్న స్టూడెంట్ టాపిక్ మార్చుకుంటానంటోంది, గైడ్‌గా నేనేం చేయాలి?

కొత్త గైడ్, హైదరాబాద్

అందరికీ నమస్తే. పిల్లల కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా మీద పనిచేసే చిన్న ల్యాబ్ నాది. నా దగ్గర చేరిన మొదటి పీహెచ్‌డీ స్టూడెంట్‌కి ఇప్పుడు రెండో సంవత్సరం పూర్తి కావస్తోంది. విజయనగరం వైపు అమ్మాయి. నెట్ రాసి సీఎస్‌ఐఆర్ ఫెలోషిప్ తెచ్చుకుంది. చాలా చురుకు, బెంచ్ దగ్గర పని శుభ్రంగా ఉంటుంది. అలాంటిది ఈ మధ్య ల్యాబ్ మీటింగుల్లో నోరు విప్పడం లేదు. మొన్న డాక్టోరల్ కమిటీ అయ్యాక నా గదికి వచ్చి, "మేడమ్, నేను రొమ్ము క్యాన్సర్ ల్యాబ్‌కి మారితే మీరేమైనా అనుకుంటారా?" అని అడిగింది.

ఎందుకు అడిగిందో నాకు అర్థమైంది. ఈ జబ్బులో సూది గుచ్చి ముక్క తీస్తే ట్యూమర్ కణాలు కంటి బయటికి పాకే ప్రమాదం ఉంది కాబట్టి బయాప్సీ చేయరు. కన్ను తీసేయాల్సి వచ్చినప్పుడే మాకు ట్యూమర్ దొరుకుతుంది. అదీ పాథాలజిస్టు తనకు కావలసింది చూసుకున్నాక మిగిలిన ముక్క. ఇప్పుడు కీమో, లేజర్ వల్ల చాలామంది పిల్లల కళ్లు నిలబడుతున్నాయి. మాకు కావలసిందీ అదే. కానీ శాంపిల్ ఒక్కటీ రాని నెలలు ఉంటున్నాయి. ఆమె బ్యాచ్‌మేట్లు పేపర్లు పంపుతున్నారు. ఫెలోషిప్ ఉండేది ఐదేళ్లే. అందులో నెలకు వచ్చే 37,000 కూడా ఒక్కోసారి ఆలస్యమవుతుంది. ఇంటికి కూడా పంపాల్సిన పిల్ల.

ఇంకొకటి కూడా ఉంది. ఆపరేషన్ రోజు పొద్దున తల్లిదండ్రుల దగ్గర కన్సెంట్ సంతకం తీసుకోవడానికి ఆమే వెళ్తోంది. వెళ్లొచ్చిన రోజు ఎవరితోనూ మాట్లాడదు.

తక్కువ కేసులుండే క్యాన్సర్లలో స్టూడెంట్లను తయారుచేసినవాళ్లు ఇక్కడ ఉంటే చెప్పండి. ఉండమనాలా, వెళ్లమనాలా? ఉండమంటే ఆమెకు నేను ఏం మార్చి ఇవ్వాలి?

రిటైర్డ్ ప్రొఫెసర్, విశాఖ

అమ్మా, ఆ పిల్ల నేరుగా వచ్చి అడిగిందంటే మీ మీద నమ్మకం ఉన్నట్టే. చాలామంది అడగరు, మెల్లగా ల్యాబ్‌కి రావడం తగ్గిస్తారు. కాబట్టి ఈ వారమే పిలిచి, "మారాలనుకుంటే మారు, రికమెండేషన్ లెటర్ నేనే రాస్తాను" అని చెప్పండి. ఆ భయం పోయాకే ఆమె మనసులో మాట బయటికి వస్తుంది.

ఇక థీసిస్ సంగతి. ఆబ్జెక్టివ్‌లన్నీ తాజా ట్యూమర్ మీదే ఆధారపడి ఉన్నాయా? అలా అయితే లోపం స్టూడెంట్‌ది కాదు, సినాప్సిస్‌ది, అంటే థీసిస్ ప్లాన్‌ది. శాంపిల్ ఫోన్ కోసం కూర్చున్న స్టూడెంట్ పరిస్థితి వాన కోసం ఆకాశం చూసే మెట్ట రైతు పరిస్థితే. శాంపిల్ రాని నెలలో కూడా చేతిలో పని ఉండాలి, ఆ పని థీసిస్‌లో ఒక చాప్టర్ కావాలి. అరుదైన క్యాన్సర్‌లో గైడ్ చేయాల్సిన మొదటి పని ఇదేనని నా గట్టి నమ్మకం.

మీ జబ్బులో దానికి దారులున్నాయి. కన్ను తీసినా తీయకపోయినా బిడ్డ రక్తం తీసుకోవచ్చు కదా. ట్యూమర్ రాకుండా కాపాడే జన్యువు ఆర్‌బీ1. దాదాపు 40 శాతం పిల్లల్లో దాని లోపం పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని పట్టుకుంటే తమ్ముడికో చెల్లికో ముప్పు ఉందో లేదో చెప్పొచ్చు. (రీసెర్చ్ ల్యాబ్ ఫలితాన్ని అలాగే తల్లిదండ్రుల చేతికి ఇవ్వకూడదు. డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో మళ్లీ చూపించి, జెనెటిక్ కౌన్సెలర్ ద్వారానే చెప్పించాలి.) పాథాలజీలో పాత పారాఫిన్ బ్లాకులు (మైనంలో దాచిన ట్యూమర్ ముక్కలు) ఉంటాయి, వాటి కోసం ఎథిక్స్ కమిటీకి ఇప్పుడే రాయించండి. కంటి లోపలికి మందు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గించడానికి కంటి ముందు భాగంలోని ద్రవం కొంచెం తీస్తారు. అందులో ట్యూమర్ డీఎన్‌ఏ దొరుకుతుందని 2017లో లాస్ ఏంజెలెస్‌లో జెస్సీ బెర్రీ బృందం చూపించింది. ఒక మిల్లీలీటరులో పదో వంతు ద్రవం చాలు. కన్ను తీయకుండానే ట్యూమర్‌ను చదవొచ్చన్నమాట. మీ అమ్మాయి చేతిపని శుభ్రం అంటున్నారు, అంత తక్కువ ద్రవంతో పని చేయడానికి కావలసింది అదే.

వై79 సెల్ లైన్ (ల్యాబ్‌లో పెంచే రెటినోబ్లాస్టోమా కణాలు) ఎలాగూ వాడుతుంటారు. వాడనివ్వండి. కానీ అందులో ఎంవైసీఎన్ జన్యువు కాపీలు విపరీతంగా పెరిగి ఉంటాయి, అన్ని ట్యూమర్లూ అలా ఉండవు. ఆ తేడా ఆమే కమిటీ ముందు చెప్పేలా తయారుచేయండి. అప్పుడు "శాంపిళ్లు ఇన్నేనా?" అన్న ప్రశ్నకు తలవంచుకోదు.

ఆ ప్రశ్నకు ఇంకో జవాబు కూడా ఉంది. 1971లో ఆల్‌ఫ్రెడ్ నూడ్‌సన్ ముందున్నవి 48 మంది పిల్లల కేసులు. రెండు కళ్లకూ వచ్చినవాళ్లలో జబ్బు ఎందుకు తొందరగా బయటపడుతోందని వయసులతో లెక్కవేసి, రెండు దెబ్బల సిద్ధాంతం చెప్పాడు, అంటే జన్యువు రెండు కాపీలూ చెడితేనే ట్యూమర్ వస్తుందని. ఆ ఆర్‌బీ1 జన్యువు చేతికి చిక్కింది 1986లో. కేసుల పట్టిక ఆ పేపర్‌లోనే ఉంది. ఆ గ్రాఫు మళ్లీ తన చేత్తో వేయమనండి. మీరూ పక్కన కూర్చోండి. నేను కొత్తగా చేరిన ప్రతి స్టూడెంట్‌తో అది వేయించేవాణ్ణి. కేసులు తక్కువైనప్పుడు ప్రశ్న ఎంత పదునుగా ఉండాలో వాళ్లకు అక్కడే తెలిసేది.

పోస్ట్‌డాక్, టొరంటో (మాది చిత్తూరు)

మేడమ్, నేను సార్కోమా (ఎముకలు, కండరాల్లాంటి చోట్ల వచ్చే అరుదైన క్యాన్సర్) మీద పీహెచ్‌డీ చేశాను, మీ స్టూడెంట్ బాధ బాగా తెలుసు. సర్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. తక్కువ కేసులున్నచోట పెద్ద కూటమిలో చేరక తప్పదు. 2020లో వచ్చిన రెటినోబ్లాస్టోమా స్టడీ చూడండి, 153 దేశాల నుంచి 4,351 మంది పిల్లల వివరాలు. పేద దేశాల్లో జబ్బు బయటపడే వయసు ఎంత ఆలస్యమో ఒక ఆసుపత్రి ఒంటరిగా తేల్చగలిగేది కాదు. కానీ అలాంటి పేపర్‌లో చిన్నవాళ్ల పేరు వందల పేర్ల మధ్య ఉంటుంది. ఉద్యోగానికి వెళ్తే "ఇందులో నీ పని ఏది?" అని అడుగుతారు. అందుకని డేటా పంపకముందే, అందులోంచి ఏ చిన్న ప్రశ్న మీ స్టూడెంట్‌దో, ఏ పేపర్‌కు ఆమె ఫస్ట్ ఆథరో మెయిల్‌లో రాయించుకోండి. నోటి మాట చాలదు. స్టూడెంట్ అడిగితే అత్యాశ అంటారు, గైడ్ అడిగితే ఎవరూ ఏమీ అనరు.

డబ్బు గురించి కూడా. మాకు ఫెలోషిప్ ఆగినప్పుడు మా గైడ్ అకౌంట్స్ వాళ్లతో మాట్లాడి ప్రాజెక్టుల ఓవర్‌హెడ్ నిధి నుంచి అడ్వాన్సు ఇప్పించేవారు, వచ్చాక తిరిగి కట్టేవాళ్లం. ఆయన అడగకపోతే మేం నోరు తెరిచేవాళ్లం కాదు. హాస్టల్ ఫీజు టెన్షన్‌తో పీసీఆర్ ఏం చేస్తాం చెప్పండి.

కౌన్సెలర్, కంటి ఆసుపత్రి

మేడమ్ గారూ, కన్సెంట్ గురించి నేను చెప్పాలి. ఆపరేషన్ రోజు పొద్దున వద్దు. బిడ్డ ఆకలితో ఏడుస్తుంటుంది, తల్లి ఏ కాగితం మీద సంతకం పెడుతున్నదో ఆమెకే తెలియదు. అది సరైన కన్సెంట్ కూడా కాదు. ముందు రోజు, డాక్టరు గారు కన్ను ఎందుకు తీయాలో చెప్పి, వాళ్లు కాస్త తేరుకున్నాక, మేం కూర్చోబెట్టి మాట్లాడతాం. మీ అమ్మాయిని ఒంటరిగా పంపకండి, మా పక్కన కూర్చోనివ్వండి. మాట మేం మొదలుపెడతాం, రీసెర్చ్ గురించి ఆమె చెబుతుంది. వద్దంటే వద్దనే హక్కు వాళ్లకుందని, వద్దన్నా వైద్యంలో తేడా ఉండదని తప్పకుండా చెప్పాలి.

ఫాలోఅప్ ఓపీకి కూడా తీసుకురండి. కృత్రిమ కన్ను పెట్టుకుని బడికి వెళ్తున్న పిల్లలు అక్కడికే వస్తారు. మీ ల్యాబ్ వాళ్లు చూసేది ఆపరేషన్ పొద్దున ఒక్కటే అయితే ఎవరికైనా మనసు కుంగిపోతుంది.

కొత్త గైడ్, హైదరాబాద్

అందరికీ ధన్యవాదాలు. నిన్న మాట్లాడాను. లెటర్ రాస్తానన్నాక చాలాసేపు ఏడ్చింది, తర్వాత రక్తం శాంపిళ్ల పని గురించి తనే అడిగింది. ఇంకా నిర్ణయం తీసుకోలేదు, నెల టైమ్ ఇచ్చాను. ఈలోగా సినాప్సిస్ మార్చడానికి కమిటీకి రాస్తున్నాను. కౌన్సెలర్ గారూ, ఓపీలో కూర్చోవడానికి ఎవరి అనుమతి తీసుకోవాలి?

కౌన్సెలర్, కంటి ఆసుపత్రి

మీ పక్క ఆసుపత్రిలో కంటి క్యాన్సర్ విభాగం హెడ్‌కి ఒక లెటర్, స్టూడెంట్ ఐడీ కాపీ. తల్లిదండ్రులను కూడా ముందు అడగాలి, అది అక్కడి కౌన్సెలర్లు చూసుకుంటారు. మొదటిసారి మీరూ వెంట రండి.