గోడౌన్ గ్యాలప్‌లోనా, నవాహో రిజర్వేషన్ లోపలా?

మిర్చియార్డ్ గుంటూరు:
అన్నలూ, గుంటూరు నుంచి కారంపొడి, జంతికల ప్యాకెట్లు అమెరికా పంపుతున్నాం. అక్కడి భాగస్వామి (ఆ దేశ పౌరుడే) నవాహో రిజర్వేషన్‌లో (అక్కడి ఆదివాసీ తెగ సొంత పాలనలో ఉండే ప్రాంతం, ఎక్కువ భాగం అరిజోనా రాష్ట్రంలో) చిన్‌లీ అనే ఊరి వైపు కొట్లకి సరుకు వేద్దామంటున్నాడు. గోడౌన్ చిన్‌లీలో పెట్టాలా, బయట న్యూమెక్సికో రాష్ట్రంలో ఉన్న గ్యాలప్ ఊళ్లోనా?

బెజవాడ కార్గో:
గ్యాలప్‌లోనే అండీ, ఆలోచించక్కర్లేదు. ఐ-40 హైవే, బీఎన్‌ఎస్‌ఎఫ్ రైల్వే కంపెనీ గూడ్సు లైను రెండూ ఆ ఊరి మీదుగానే పోతాయి. రిజర్వేషన్ దాదాపు 70 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి గుంటూరు జిల్లాలు ఆరు. లోపల చిన్‌లీ వైపు మన సరుకు తెచ్చే గూడ్సు రైలు లేదు. బొగ్గు కోసం వేసిన లైనొకటి ఉండేది, 2019లో అదీ ఆగింది.

గ్యాలప్ నుంచి విండోరాక్, గనాడో మీదుగా 191 నంబరు హైవే పట్టుకుంటే చిన్‌లీ సుమారు 150 కిలోమీటర్లు, అంతా తారే. తారు దిగాకే కష్టం. జులై నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఆపైన మంచు కరిగే రోజులు. అక్కడి బంకమట్టి తడిస్తే మన నల్లరేగడి డొంకలాగే టైరుకి చుట్టుకుని బండిని కదలనివ్వదు. పెద్ద ట్రైలర్ గ్యాలప్‌లో దించేసి, లోపలికి ఫోర్‌వీల్ డ్రైవ్ చిన్న బండి తిప్పండి. చాలా ఇళ్లకి డోర్ నంబర్లుండవు, ఉత్తరాలు పోస్టాఫీసు బాక్సుకే. అందుకని ప్రతి కొట్టుకీ మ్యాప్ లొకేషన్ ముందే తెప్పించుకోండి.

మిర్చియార్డ్ గుంటూరు:
థాంక్సండీ. లోపల స్థలం చవగ్గా దొరికితే కొనెయ్యొచ్చుగా?

అరండల్‌పేట ఆడిటర్:
కొనడం కుదరదండీ. ఎక్కువ భాగం ట్రస్టు భూమి (తెగ కోసం అమెరికా ప్రభుత్వం తన పేరున ఉంచేది), వ్యాపారానికి లీజే ఇస్తారు. ఆ నేల మీద గొర్రెలు మేపుకునే పర్మిట్ ఉన్నవాళ్ల ఒప్పుకోలు, స్థానిక చాప్టర్ (మన పంచాయతీ లాంటిది) తీర్మానం, సర్వే, పర్యావరణ, పురావస్తు అనుమతులు వచ్చాకే లీజు. ఎక్కువగా ఇరుక్కునేది మేత పర్మిట్ దగ్గరే. ఒకే చోట ఇద్దరు ముగ్గురికి హక్కుంటే ఒక్కరు కాదన్నా ఫైలు కదలదు. భూమి తాకట్టు పెట్టే వీల్లేదు కాబట్టి బ్యాంకు అప్పూ కష్టమే.

లోపల పెడితే వచ్చే లాభాల మాటకొస్తే, హబ్‌జోన్ అని వెనకబడ్డ ప్రాంతాల్లోని చిన్న వ్యాపారాలకి అమెరికా ప్రభుత్వ పథకం ఉంది. ముఖ్య ఆఫీసు రిజర్వేషన్‌లో ఉండి, 35 శాతం ఉద్యోగులు అలాంటి ప్రాంతాల్లో కాపురముంటే ఫెడరల్ కాంట్రాక్టుల్లో ప్రాధాన్యం. మీరు అమ్మేది కొట్లకి, ప్రభుత్వానికి కాదు. దానికోసం లోపలికెళ్లొద్దు. నవాహో అమ్మకపు పన్ను 6 శాతం. ఉప్పు, నూనె ఎక్కువున్న చిరుతిళ్ల మీద 2014 చట్టం ఇంకో 2 శాతం వేసింది. జంతికలు అందులోకే వస్తాయనుకుని ధర కట్టండి.

బెజవాడ కార్గో:
ఒకటి మర్చిపోయా. మార్చి నుంచి నవంబరు మొదటి వారం దాకా నవాహోలో గడియారం గంట ముందుకి జరుపుతారు, మిగతా అరిజోనాలో జరపరు. మధ్యలో ఉన్న హోపీ రిజర్వేషన్ కూడా జరపదు. 264 నంబరు రోడ్డు మీద హోపీ దాటి, మళ్లీ నవాహోలోనే ఉన్న ట్యూబా సిటీ దాకా వెళ్లే బండికి దారిలోనే టైము మారుతుంది. బిల్లు మీద డెలివరీ టైము రాసేటప్పుడు పక్కనే ‘నవాహో టైము’ అని రాయించండి, లేకపోతే బండి వెళ్లేసరికి కొట్టు కట్టేసి ఉంటుంది.