30 శాతం దగ్గరే ఆరిపోతున్న ఫోన్: రీసెట్ చేయాలా, బ్యాటరీ మార్చాలా?

చార్జింగ్‌లో_ఉన్నా:
ఫోన్ కొని నాలుగేళ్లు దాటింది. ఇంకా 30 శాతం ఉందనగా కెమెరా తెరిస్తే చాలు, టప్పున ఆరిపోతోంది. చార్జర్ పెట్టి ఆన్ చేస్తే 28 చూపిస్తోంది. ఒకరు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టమంటారు, ఒకరు బ్యాటరీ మార్చమంటారు, ఇంకొకరు సున్నా దాకా వాడి నిండా ఎక్కిస్తే సర్దుకుంటుందంటారు. ఎవరి మాట వినాలి?

రీసెట్_రాజు:
ముందు రీసెట్ చేయండి. పైసా ఖర్చు లేని పని. పెద్ద అప్‌డేట్ వచ్చాక ఏదో ఒక యాప్ వెనకాల తిరుగుతూనే ఉండటం మామూలే. ఫోటోలు బ్యాకప్ తీసుకుని కొత్తగా మొదలుపెట్టండి. వెనక కవర్ ఊడదీయించుకోవడం ఆఖరి మాట. ఒకసారి విప్పిన ఫోన్‌కి నీటి రక్షణ మునుపటిలా ఉంటుందన్న భరోసా లేదు.

ఓమ్_సూత్రం:
రాజు గారూ, చార్జ్ త్వరగా అయిపోవడం వేరు, ఉన్నట్టుండి ఆరిపోవడం వేరు. మీరు చెప్పిన మందు మొదటి జబ్బుకి.

ఫోన్ బ్యాటరీలో ఉండే లిథియం అయాన్ సెల్ ముసలిదయ్యే కొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. ట్యాంకులో నీళ్లున్నా పైపులో పాచి పట్టినట్టన్నమాట. 30 శాతం దగ్గర సెల్ 3.7 వోల్టుల మీద ఉందనుకోండి. కెమెరా, ప్రాసెసర్ కలిసి ఒక్కసారిగా 2 ఆంపియర్లు లాగాయి. నిరోధం 0.2 ఓమ్‌కి చేరి ఉంటే 0.4 వోల్టు అక్కడే పోతుంది. మిగిలింది 3.3. అంత తక్కువ వోల్టేజీలో నడవలేక ఫోన్ తనంతట తాను ఆగిపోతుంది. లోడ్ పోగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది, అందుకే 28 కనిపిస్తోంది. చలిలో నిరోధం ఇంకా పెరుగుతుంది కాబట్టి అప్పుడు ఈ గొడవ ఎక్కువ. దీన్ని రీసెట్ ఎలా తగ్గిస్తుంది?

రీసెట్_రాజు:
సాఫ్ట్‌వేర్ ఏమీ చేయలేదనకండి. 2017 జనవరిలో యాపిల్ ఐఓఎస్ 10.2.1తో ఇలా ఆరిపోతున్న ఐఫోన్లను చాలావరకు దారికి తెచ్చింది. పైగా ఆ 30 అనే అంకె కొలత కాదు, అంచనా. లోపలికి వెళ్లిన కరెంటు, బయటికొచ్చిన కరెంటు లెక్కగట్టి చెప్పేది. లెక్క జారితే నిజంగా ఉన్నది 5 శాతమే కావచ్చు.

ఓమ్_సూత్రం:
ఎలా తెచ్చిందో కూడా చెప్పండి మరి. ప్రాసెసర్ ఒక్కసారిగా లాగే శక్తిని తగ్గించింది, అంటే ఫోన్‌ని నెమ్మది చేసింది. ఆ సంగతి డిసెంబరులో బయటపడి గోల అయ్యాక, 2018 చివరిదాకా బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది. ఐఓఎస్ 11.3లో బ్యాటరీ ఆరోగ్యం చూపించే పేజీ కూడా పెట్టింది. చివరికి వాళ్లు చూపిన దారీ కొత్త బ్యాటరీయే కదా! అంచనా జారుతుందన్న మాట మాత్రం ఒప్పుకుంటాను.

రిపేరు_బల్ల:
ఇద్దరూ వాదించుకునే బదులు ఫోన్‌నే అడగొచ్చు. 35 శాతం దగ్గర ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వెలుతురు తగ్గించి, తేలికగా వాడండి. అంకె ఒక్కొక్కటిగా దిగుతూ 10 కిందకి కూడా బతికితే, కెమెరా తెరిచినప్పుడే పోతుంటే, అది నిరోధం. బ్యాటరీ మార్చాల్సిందే. ఏ పనీ చేయకుండానే 30 నుంచి 4కి దూకితే లెక్క జారిందని అనుమానించవచ్చు. అప్పుడు ఒక్కసారి పూర్తిగా దించి, ఆపకుండా 100కి ఎక్కించండి. అంకె సరిపడుతుంది, పోయిన సామర్థ్యం మాత్రం తిరిగి రాదు. ఆండ్రాయిడ్ అయితే, మీరు వేసుకున్న యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో కూడా చూడండి. అక్కడా ఆరిపోతే మీరు వేసుకున్న యాప్‌లను తిట్టుకోనక్కర్లేదు.

ఇవన్నీ చేసేముందు ఫోన్‌ని బల్ల మీద వెల్లకిలా పెట్టి చూడండి. ఊగినా, స్క్రీన్ అంచు లేచినా బ్యాటరీ ఉబ్బినట్టే. ఇక పరీక్షల్లేవు, చార్జింగ్ లేదు, నొక్కి సరిచేయడం అసలే వద్దు. స్విచాఫ్ చేసి, తెలిసినవాళ్లతో తీయించండి.

కొత్తది వేయించేటప్పుడు అదే సైజులో ‘డబుల్ ఎంఏహెచ్’, అంటే రెట్టింపు సామర్థ్యం, అని రాసి ఉంటే వదిలేయండి. అంకెలు అచ్చేయడానికి కెమిస్ట్రీ అక్కర్లేదు.

నిదానం:
మధ్యలో ఒక మాట. నెలకోసారి సున్నా చేయాలనే అలవాటు పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల రోజులది. పూర్తిగా ఖాళీ చేయకుండా పదేపదే ఎక్కిస్తే వాటి సామర్థ్యం తగ్గినట్టయ్యేది, దాన్నే మెమరీ ఎఫెక్ట్ అంటారు. లిథియంకి ఆ మెమరీ ఎఫెక్ట్ బెడద లేదు. లోతుగా ఖాళీ చేయడం, 100 దగ్గర వేడిగా ఉంచడం, రెండూ దాని ఆయుష్షు తినేవే. పూర్తిగా దించి ఎక్కించడం లెక్క జారినప్పుడు చేస్తే చాలు.

రీసెట్_రాజు:
సరే, బ్యాటరీ మార్చారనుకుందాం. నాలుగేళ్ల ఫోన్ కదా, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఉంటే ఆ డబ్బు దండగే. అప్‌డేట్లన్నీ ఆగిన ఫోన్‌కి కొత్త బ్యాటరీ ఎందుకు?

ఓమ్_సూత్రం:
అది వేరే ప్రశ్న, కానీ అడగాల్సిన ప్రశ్నే. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి. అది ఈమధ్యదైతే మార్పించండి. ఏడాది దాటి ఉంటే బ్యాంకు లావాదేవీలు ఆ ఫోన్ నుంచి తీసేసి, పాటలకో ఫోటోలకో వాడుకునే ఉద్దేశం ఉంటేనే ఖర్చు పెట్టండి.

రిపేరు_బల్ల:
చార్జింగ్‌లో_ఉన్నా గారూ, మోడల్ పేరు, ప్యాచ్ తేదీ ఇక్కడ పెట్టండి. ఇంకోటి, ఫోన్ ఎప్పుడైనా గట్టిగా కింద పడిందా? బ్యాటరీ కనెక్టర్ వదులైనా అచ్చం ఇలాగే ఆరిపోతుంది, అప్పుడు కొత్త బ్యాటరీతో పనిలేదు.