యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక 3 నెలలు ప్రోబయాటిక్ వాడాలంటున్నారు, నిజంగా అవసరమా?

కావలి_రైలుకట్ట

మా నాయనకు 62. పంటి చీముకు అమాక్సిసిల్లిన్-క్లావులానిక్ యాసిడ్ 625, రోజుకు రెండు చొప్పున 7 రోజులు వాడాము. నాలుగో రోజు నుంచి విరేచనాలు పలచన. కోర్సు అయిపోయి 4 రోజులైంది, ఇంకా రోజుకు మూడు సార్లు వెళ్తున్నారు. జ్వరం లేదు, రక్తం లేదు, ఆకలి బాగానే ఉంది. మందుల షాపులో అడిగితే "పేగుల్లో మంచి బ్యాక్టీరియా మొత్తం పోయింది, 3 నెలలు వాడితేగానీ తిరిగి రాదు" అని పది రకాల బ్యాక్టీరియా కలిపిన ప్రోబయాటిక్ క్యాప్సూల్ చూపించారు. ఇంట్లో పెరుగు, సద్దన్నం ఎటూ ఉంటాయి, అవి చాలవా? క్యాప్సూలే వాడాలంటే ఏది, ఎన్ని రోజులు?

ఒంగోలు_ఫార్మసిస్ట్

3 నెలల మాటకు ఆధారం లేదన్నా. మీరడిగిన పరిస్థితినే ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2018లో పరీక్షించి చూశారు. యాంటీబయాటిక్ అయ్యాక కొందరికి 11 రకాలు కలిపిన ప్రోబయాటిక్ ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఏమీ వేసుకోని వాళ్లకు సొంత బ్యాక్టీరియా కొన్ని వారాల్లోనే చాలావరకు కోలుకుంది. క్యాప్సూల్ వేసుకున్న వాళ్లకు నెలలు గడిచినా రాలేదు. బయట నుంచి వచ్చినవి చోటు ఆక్రమించుకుని కూర్చుంటే ఇంటివాళ్లు తిరిగి రావడానికి అడ్డమైందన్నమాట. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని ప్రోబయాటిక్ విషం అనకూడదు. కానీ "తిరిగి రావాలంటే ఇదే దారి" అనే మాట మాత్రం దాంతో నిలవదు.

ప్రోబయాటిక్‌కు ఆధారం కాస్త ఉన్నది యాంటీబయాటిక్ నడుస్తున్నప్పుడు. మొదటి మాత్ర వేసుకున్న ఒకటి రెండు రోజుల్లోపే మొదలుపెట్టాలి. శాకరోమైసిస్ బౌలార్డి అనే ఈస్ట్ 250 మి.గ్రా. ఉదయం, సాయంత్రం వాడతారు. అది ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపలేదు. ఫంగస్‌కు వేసుకునే ఫ్లూకోనజోల్ లాంటి మాత్ర మాత్రం చంపుతుంది, ఆ రెండూ కలపకూడదు. లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా రకం అయితే యాంటీబయాటిక్‌కు రెండు గంటల ఎడం ఉండాలి. మీరు ఆ దశ దాటేశారు.

ఇంకో సంగతి. "ఎల్‌బి" అని యాంటీబయాటిక్ మాత్రలోనే కలిపి వస్తుంది కదా, దాంతో సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అందులో ఉండేది ఎక్కువగా బాసిల్లస్ కోయాగులాన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు (గట్టి పెంకులో నిద్రపోయే దశ), మాత్రకు 6 కోట్ల దాకా. బీజంగా ఉన్నంతసేపు దానికి ఏమీ కాదు. పేగులో మొలకెత్తిందా, పక్కనే ఉన్న అమాక్సిసిల్లిన్‌కు చిక్కుతుంది. పని చేయాల్సిన చోట చచ్చిపోయేదాన్ని అదే మాత్రలో పెట్టడంలో అర్థం లేదు. తాగే చిన్న సీసాల్లో వచ్చే బాసిల్లస్ క్లాసీ వేరు. 5 మి.లీ.కు 200 కోట్ల బీజాలు, చాలా యాంటీబయాటిక్స్‌ను తట్టుకుంటుంది, ఫ్రిజ్ అక్కర్లేదు.

ఎప్పుడైనా కొనాల్సి వస్తే పెట్టె తిప్పి చూడండి. ఒక్క జాతి పేరు చాలదు, పక్కనే స్ట్రెయిన్ (ఆ జాతిలోని ఉపరకం) గుర్తు ఉండాలి. లాక్టోబాసిల్లస్ ర్యామ్నోసస్ అనే జాతిలో జిజి స్ట్రెయిన్ మీద జరిగిన పరీక్ష ఇంకో ర్యామ్నోసస్‌కు వర్తించదు. బతికున్న బ్యాక్టీరియా లెక్క "తయారీ నాటికి" అని ఉందా, "గడువు తేదీ నాటికి" అని ఉందా చూడండి, రెండోదే పనికొచ్చేది. 25 డిగ్రీల లోపు ఉంచమని రాసున్న లాక్టోబాసిల్లస్ డబ్బాను మే నెలలో కొరియర్‌లో తెప్పించుకుంటే, 43 డిగ్రీల ఎండలో రెండు రోజులు వ్యానులో ఉడికి మీ గుమ్మం చేరేసరికి అందులో ఎన్ని బతికుంటాయో ఎవరూ చెప్పలేరు. మన ఊళ్లల్లో ఎండాకాలం బీజాల రకమో, ఈస్టో నయం.

దర్గామిట్ట_డైటీషియన్

పెరుగు సంగతి నేను చెప్తాను. ఇంట్లో తోడేసిన పెరుగులో ఏ స్ట్రెయిన్లు ఉన్నాయో తెలియదు కాబట్టి శాస్త్రం లెక్కలో దాన్ని ప్రోబయాటిక్ అనరు. అయినా బతికున్న బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది, పాలకంటే లాక్టోజ్ (పాల చక్కెర) తక్కువ. పలచన విరేచనాలున్నప్పుడు పాలు పడని వాళ్లకు కూడా మజ్జిగ పడుతుంది. బాగా కాచిన అరలీటరు పాలు చల్లారనివ్వండి. చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే అదే సరైన వేడి. ఒక టీస్పూను తోడు చాలు. ఎండాకాలం నాలుగు గంటల్లో గట్టిపడుతుంది, అప్పుడే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. రాత్రంతా బయట వదిలేస్తే తెల్లారేసరికి నీరు తేలి పులిసిపోతుంది. తీగలా సాగితే తోడు మార్చండి. గులాబీ రంగు మచ్చ కనిపిస్తే గిన్నె మొత్తం పారబోయండి, పైపైన తీసేసి తినొద్దు. మజ్జిగ పులుసు కాస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇడ్లీ, దోసె పిండి ఎంత బాగా పులిసినా అంతే, ఆవిరికీ పెనానికీ ఏదీ బతకదు. అవి తేలిగ్గా అరుగుతాయి, ఆ మేలు వేరు. ఆవకాయలో ఉప్పు, నూనె అంతంత ఉంటే బ్యాక్టీరియా పెరిగే సందు ఉండదు, దాన్ని ప్రోబయాటిక్ లెక్కలో వేయకండి.

సద్దన్నం మంచిదే, కానీ చేసే పద్ధతిలోనే ప్రమాదం ఉంది. మధ్యాహ్నం వండిన అన్నం కుక్కర్లోనే గోరువెచ్చగా రాత్రిదాకా ఉండిపోయి, పడుకునే ముందు నీళ్లు పోస్తారు చూడండి, అది తప్పు. బియ్యంలోని బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చని పొడి అన్నంలో మొలిచి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. రాత్రి వండిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి, గంటలోపే మట్టికుండలో వేసి, రెండు వేళ్ల మందం పైకి తేలేలా కాచి చల్లార్చిన నీళ్లు పోసి, నాలుగు చెంచాల పుల్లటి మజ్జిగ కలపండి. ఆ పులుపే కాపలా. ఎనిమిది పది గంటలు చాలు. పొద్దున శుభ్రమైన పులుపు వాసన రావాలి. జిగురు ఉన్నా, ముక్కిపోయిన వాసన వచ్చినా వద్దు. మీ నాయనకు మాత్రం విరేచనాలు కట్టేదాకా ఆపండి.

ఈ వారం గంజి, మజ్జిగన్నం, ఉడకబెట్టిన అరటికాయ పెట్టండి. పచ్చి అరటికాయలో ఉన్న అరగని పిండిపదార్థం పెద్దపేగులో బ్యాక్టీరియాకు మేత. ఢాకాలో విరేచనాలున్న పిల్లల మీద పరీక్షించినప్పుడు అది పనికొచ్చింది. కట్టాక అసలు పని మొదలవుతుంది. మిగిలిన బ్యాక్టీరియాకు మేత పెట్టాలి. తెల్లబియ్యంలో 100 గ్రాములకు పీచు 3 గ్రాములు కూడా ఉండదు. సజ్జల్లో, రాగుల్లో 11 దాటుతుంది, ముడిసెనగల్లో 25. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో పండే సెనగలు మనకు దొరికినంత తేలిగ్గా ఎవరికి దొరుకుతాయి? 30 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో మెత్తగా ఉడికించండి. నానిన నీళ్లలోనే ఉడికిస్తే గ్యాస్ తెప్పించే చక్కెరలన్నీ అందులోనే ఉండిపోతాయి. మొదటి వారం రోజు మార్చి రోజు, తర్వాత రోజూ. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బి "ఇది నాకు పడదు" అని మానేస్తారు.

కావలి_రైలుకట్ట

చాలా థాంక్స్ అన్నా, అక్కా. ఒక విషయం చెప్పడం మరిచిపోయాను. నాయన ఆరేళ్ల నుంచి పరగడుపున పాంటోప్రజోల్ 40 అనే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు. ఎవరు మొదలుపెట్టారో కూడా గుర్తు లేదు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

కందుకూరు_ఫిజీషియన్

ఉంది, చాలా ఉంది. పొట్టలోని ఆమ్లం ఒక కాపలా గేటు. దాన్ని ఏళ్ల తరబడి తగ్గించి ఉంచితే నోటి బ్యాక్టీరియా సైతం కిందికి దిగి పేగులో చేరుతుంది. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలే అనే బ్యాక్టీరియాతో వచ్చే పేగు ఇన్‌ఫెక్షన్ ముప్పు కూడా పెరుగుతుంది. 60 దాటిన వయసు, ఇప్పుడే అయిన యాంటీబయాటిక్, పైన ఈ మాత్ర: మూడూ మీ నాయనకు కలిశాయి. మామూలుగా ఈ మందుతో వచ్చే విరేచనాలు, అందులో క్లావులానిక్ యాసిడ్ పేగును కదిలించడం వల్ల వచ్చేవి ఎక్కువ, కోర్సు అయ్యాక వారం పది రోజుల్లో కడతాయి. అలా కాకుండా రోజుకు మూడు కంటే పెరుగుతుంటే, జ్వరమో కడుపునొప్పో తోడైతే, ఆ ఇన్‌ఫెక్షన్ కోసం మల పరీక్ష చేయించండి. ఇది కోర్సు అయిన రెండు మూడు నెలల వరకూ రావచ్చు, అందుకే ఇప్పుడు కట్టినా గమనిస్తుండండి. తేలేదాకా లోపెరమైడ్ (విరేచనాలు కట్టే మాత్ర) వేయకండి. ఓఆర్ఎస్ పాకెట్ దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. లీటరు పాకెట్‌లో సగం ఒక గ్లాసులో వేస్తే ఉప్పు ఎక్కువై ఇంకా నష్టం.

గ్యాస్ మాత్ర రేపే ఆపేయకండి. ఒక్కసారి ఆపితే ఆమ్లం ఎగదన్ని రెండు మూడు వారాలు మంట పుడుతుంది. "మాత్ర లేనిదే బతకలేను" అనే నమ్మకం చాలామందికి అక్కడే పుడుతుంది. పైగా గుండెకు ఆస్పిరిన్ లాంటి రక్తం పలచన చేసే మందు వాడుతుంటే, గతంలో అల్సర్ రక్తస్రావం ఉంటే అది ఆపకూడని మాత్ర. అవి లేవంటే, విరేచనాలు తగ్గాక మీ డాక్టరుతో మాట్లాడి 40 నుంచి 20కి, రెండు మూడు వారాల తర్వాత రోజు మార్చి రోజుకు దింపుతారు.

క్యాప్సూల్ గురించి పైన ఫార్మసిస్ట్ చెప్పినదానితో ఏకీభవిస్తాను. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ అసోసియేషన్ 2020లో ఆధారాలన్నీ చూసి, చాలా జీర్ణ సమస్యలకు ప్రోబయాటిక్ సిఫారసు చేయలేమంది. అలాగని ఎక్కడా పనికిరాదనుకోకండి. మన పక్కనే ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేల మంది నవజాత శిశువులకు వారం పాటు ఒక లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ స్ట్రెయిన్‌ను దాని మేతతో కలిపి ఇస్తే, రక్తంలో ఇన్‌ఫెక్షన్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4కు తగ్గాయి. 2017లో నేచర్‌లో వచ్చింది. ఒకే స్ట్రెయిన్, ఒకే వయసు, ఏడే రోజులు. మీ షాపులోని క్యాప్సూల్‌కు ఆ గట్టి లెక్క లేదు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లకు, మెడ దగ్గర సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఉన్నవాళ్లకు ఈస్ట్ రకం అసలు ఇవ్వకూడదు, రక్తంలోకి ఎక్కుతుంది.

కావలి_రైలుకట్ట

క్యాప్సూల్ కొనడం లేదు. పాంటోప్రజోల్ చీటీ పట్టుకుని సోమవారం డాక్టరు గారి దగ్గరికి వెళ్తాము. అప్పటిదాకా గంజి, మజ్జిగ, అరటికాయ. మూడు కంటే పెరిగితే ఆగకుండా పరీక్షకు తీసుకెళ్తా.