అత్తమ్మకు ఫ్లూ టీకా ఏ నెలలో వేయించాలి? పోయినేడు మోసపోయాం

హన్మకొండ కుట్టుమిషన్:
ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. మా అత్తమ్మకు 67 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్. పోయినేడు బతుకమ్మ పండుగ ముందు జరిగింది చెప్తాను, తర్వాత అడగాల్సింది అడుగుతాను.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి అరుగు మీద కూర్చుని గునుగు పూలు కట్టలు కడుతూ పక్కింటామెతో ముచ్చట పెడుతోంది. దీపాలు పెట్టే వేళకు రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. "కాళ్లు విరగ్గొట్టినట్టుంది బిడ్డా" అంది. తుమ్ములు లేవు, ముక్కు కారలేదు. రాత్రికి పొడి దగ్గు మొదలైంది, జ్వరం 103. మేము వాన జ్వరం అనుకున్నాం. వీధిలో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించి, ఒక సూది వేసి, యాంటీబయాటిక్ ఇచ్చాడు. డెంగీ టెస్టు చేయిస్తే లేదన్నారు, ఇంకేం భయం అనుకున్నాం.

ఐదో రోజు జ్వరం దిగింది. లేచి రాగి జావ తాగింది. నేనూ మిషన్ ముందు కూర్చున్నాను. ఏడో రోజు మళ్లీ జ్వరం, మంచం నుంచి బాత్రూం దాకా నడిస్తే ఆయాసం. ఆసుపత్రికి తీసుకెళ్తే ఫ్లూ వచ్చి, దాని మీద న్యుమోనియా పట్టిందన్నారు. ఆరు రోజులు అక్కడే. దసరాకు ఇవ్వాల్సిన బ్లౌజు ముక్కలు కత్తిరించినవి కత్తిరించినట్టే ఉండిపోయాయి.

ఏటా ఫ్లూ టీకా వేయించమని డాక్టరు చెప్పారు. మా మరిదేమో చలికాలం ముందు వేయించాలంటాడు. పక్కింటామె అయితే వేసుకుంటే అదే జ్వరం వస్తుందంటుంది. ఇప్పుడు మే నెల. ఆగాలా, వేయించాలా? అసలు మొదటి రోజే ఇది ఫ్లూ అని ఎలా పోల్చుకోవాలి?

రిటైర్డ్ నర్సు, కాకినాడ:
ఆగకమ్మా, ఈ నెలలోనే వేయించు. మన దగ్గర ఫ్లూ రెండుసార్లు ఎక్కువవుతుంది. వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి. టీకా పని మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది. వానలు పడ్డాక పరిగెత్తే కంటే ముందే వేయించుకోవడం మేలు.

ఏటా ఎందుకంటే, ఆ వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది, మన ఒంట్లో రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి ఏ రకాలు పెట్టాలో చెబుతుంది. డబ్బా మీద ఏ సంవత్సరం రకాలో రాసి ఉంటుంది, అది చూపించమని అడుగు. పాత సరుకు వద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి వేస్తున్నారా అన్నది కూడా చూడు.

ఇక పోల్చుకోవడం. నువ్వే చెప్పేశావు కదా, నాలుగింటికి ముచ్చట్లు, దీపాల వేళకు వణుకు. ఫ్లూ అలాగే ఉన్నట్టుండి పడేస్తుంది. జలుబు అయితే ముందు గొంతు గరగర, తర్వాత ముక్కు, అలా మెల్లగా వస్తుంది, మనిషి తిరుగుతూనే ఉంటాడు. డెంగీలో దగ్గు పెద్దగా ఉండదు. కళ్ల వెనక నొప్పి, వాంతులు, ఒంటి మీద ఎర్రటి దద్దు ఉంటాయి. కానీ మొదటి రెండు రోజులు ఎంత అనుభవం ఉన్నా పొరబడతాం. తేలేదాకా జ్వరానికి పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు ఇవ్వొద్దు. బాగా పెద్దవాళ్లలో ఒక్కోసారి జ్వరమే ఉండదు, తిండి మానేసి, మాట తడబడుతూ ఉంటారు.

షుగర్ ఉన్నవాళ్లకు ఇలా వస్తే మొదటి రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. డాక్టరు రాస్తేనే వాడాలి. యాంటీబయాటిక్ ఫ్లూ వైరస్‌ను ఏమీ చేయదు.

తగ్గిన జ్వరం తిరగబెడితే ఒక్క పూట కూడా చూడొద్దు. ఆయాసం, గుండెల్లో నొప్పి, మగత, ఆక్సిజన్ 94 కంటే తక్కువ, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఆసుపత్రికే.

గుంటూరు మిర్చి:
నేను వేయించుకున్న నాలుగో రోజే జ్వరం పట్టుకుంది. రెండు వేలు దండగ. మా నాన్న 84 ఏళ్లు బతికారు, ఏ టీకా ఎరగరు.

రిటైర్డ్ నర్సు, కాకినాడ:
బాబూ, మామూలుగా వేసే సూదిలో ఉండేది చచ్చిన వైరస్ ముక్కలు. అది ఫ్లూ తెప్పించలేదు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే. నాలుగో రోజుకు వచ్చిందంటే వేరే జ్వరమో, లేక టీకా పని మొదలుపెట్టక ముందే అంటుకున్నదో అయ్యుంటుంది. వేసుకున్నా ఫ్లూ రావచ్చు, నేను అబద్ధం చెప్పను. ఆసుపత్రి దాకా వెళ్లే అవకాశం తగ్గుతుంది.

2009 మేలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను, మాస్కు కట్టుకుని వచ్చినవాళ్లను చూసి జనం దూరం జరిగేవాళ్లు. ఇప్పుడు ఆ హెచ్1ఎన్1 మామూలు సీజన్ ఫ్లూలో ఒకటైపోయింది. ఏటా వేసే టీకాలో దానికీ రక్షణ ఉంటుంది. మీ నాన్నగారి అదృష్టం వేరు.

డాలస్ బాబాయ్:
మీ మరిది మా అమెరికా లెక్క చెప్తున్నట్టున్నాడమ్మా. ఇక్కడ ఫ్లూ చలికాలంలోనే, అందుకని సెప్టెంబరు, అక్టోబరులో మందుల షాపులోనే వేసేస్తారు. కిందటేడు మా అమ్మ నవంబరులో వచ్చింది. "ఊళ్లో జూన్‌లో వేయించుకున్నా కదరా" అని వాదించింది. డాక్టరును అడిగి ఇక్కడి సీజన్‌కు మళ్లీ వేయించాం. పిల్లల దగ్గరకు వచ్చే పెద్దవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

హన్మకొండ కుట్టుమిషన్:
నిన్న వేయించాం. డబ్బా చూపించమంటే ఆ అమ్మాయి వింతగా చూసింది, కానీ చూపించింది. ఒక్కోటి 1,750 రూపాయలు. నేనూ వేయించుకున్నాను, కొలతలకు రోజూ పదిమంది వస్తారు కదా, ఇంట్లోకి తెచ్చేది నేనే. అత్తమ్మకు చెయ్యి కాస్త నొప్పి, అంతే. నాకే రాత్రి ఒళ్లు వెచ్చబడింది. పొద్దున లేవగానే పక్కింటామె గోడ మీంచి "ఏం, జ్వరమొచ్చిందా?" అని అడిగింది. రాలేదన్నాను.