రాళ్ల బీడు, వానాకాలం తడి: ఈ నేలను ఏ వర్గంలో వేయాలి?

మాది విజయనగరం జిల్లా మెంటాడ వైపు. కొండ కింద ఊరి పశువులు మేసే బీడులో మీటరు లోతు గొయ్యి తవ్వించాను. పైన 20 సెంటీమీటర్లు ఎర్రటి ఇసుక మట్టి, కింద బంకమట్టి, పెళ్లల మీద సన్నటి బంక పొర మెరుస్తోంది. పిడికిలంత నుంచి కొబ్బరికాయంత వరకు రాళ్లు, నా అంచనాకు ఘనపరిమాణంలో సగం. అమెరికా నేలల వర్గీకరణ (సాయిల్ టాక్సానమీ) ప్రకారం 35 శాతం దాటితే స్కెలెటల్, అంటే రాళ్లమయమైన నేల, కాబట్టి అక్కడ టెన్షన్ లేదు.

చిక్కంతా తడి దగ్గరే. శ్రావణ భాద్రపదాల్లో గొర్రెల కాళ్లు దిగబడతాయి, సంక్రాంతికల్లా గునపం కూడా దిగదు. 60 సెంటీమీటర్ల దగ్గర పెళ్ల విరిచి తడిపి చూస్తే ఎరుపు మధ్య బూడిదరంగు మచ్చలు, పాత వేర్ల దారుల వెంట మరీ ఎక్కువ, మన్సెల్ చార్టులో (మట్టి రంగులు పోల్చే పట్టీ) క్రోమా, అంటే రంగు గాఢత, 2. రాళ్ల అడుగున నల్లటి పూత, గోటితో గీకితే ఊడుతోంది.

నీరు నిలిచిన గుర్తులైన ఈ మచ్చలు 50 సెంటీమీటర్ల లోపు లేవు కాబట్టి ఆక్వాల్ఫ్ (పైదాకా నీరు నిలిచే బంక నేల) కాదు, ఆక్విక్ హాప్లుస్టాల్ఫ్ (ఎండాకాలం ఎండిపోయి, లోతున కొన్నాళ్లు నీరు నిలిచే బంక నేల) అనుకుంటున్నాను, సరేనా? ఆ మచ్చలు ఎప్పటివో పాతవై, ఇప్పుడు అక్కడ నీరు నిలవకపోతే? వచ్చే వానల్లో డైపిరిడిల్ (గాలి అందని తడి మట్టిలోని ఇనుముతో ఎర్రబారే మందు) చుక్కలు వేసి చూస్తే చాలా, చిల్లుల పైపు దింపి నీటిమట్టం కూడా కొలవాలా? ఇన్ని రాళ్లలో పైపు ఎలా దింపుతారో, చేసినవాళ్లు దయచేసి చెప్పండి.